ఇంటి ప్లగ్గు నుంచి క్యాంపర్ ట్రెయిలర్‌కు కరెంట్: పన్నెండు ఆంపియర్లలో సర్దుకోవడం ఎలా?

అమెరికాలో ట్రావెల్ ట్రెయిలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొన్నవాళ్లూ, వారం రోజులకు అద్దెకు తెచ్చుకున్నవాళ్లూ మొదట అడిగే ప్రశ్న ఒకటే. బయలుదేరే ముందు రోజు దీన్ని ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టి, గ్యారేజీలోని మామూలు ప్లగ్గుకు తగిలించవచ్చా? తగిలించవచ్చు. ఫ్రిజ్ చల్లబడుతుంది, బ్యాటరీ నిండుతుంది, లోపల లైట్లు, ఫ్యాన్లు పనిచేస్తాయి. దారిలో డాలస్‌లోనో అట్లాంటాలోనో బావగారి ఇంటి ముందు ఆపి, రెండు రాత్రులు ట్రెయిలర్‌లోనే పడుకోవాలన్నా ఇదే పద్ధతి.

కాకపోతే ట్రెయిలర్‌ను 30 ఆంపియర్ల కోసం తయారుచేశారు. ఇంటి సాకెట్ ఇచ్చేది 15 ఆంపియర్లు. ఈ తేడాను పట్టించుకోకపోతే బ్రేకర్ ట్రిప్ అవుతుంది. అది చిన్న ఇబ్బందే. ప్లగ్గు కరిగిపోవడం, ట్రెయిలర్ బాడీకి కరెంట్ రావడం మాత్రం ప్రాణం మీదకు వచ్చే విషయాలు. ఈ రెండింటినీ అరగంట శ్రద్ధతో తప్పించవచ్చు కాబట్టి కింది పనులన్నీ వరుసగా చేయండి, దేన్నీ దాటేయకండి.

1. ముందు కాగితం మీద లెక్క వేసుకోండి

అమెరికా ఇళ్లలో మామూలు సాకెట్‌లో 120 వోల్టులు వస్తాయి. 15 ఆంపియర్ల బ్రేకర్ మీద ఉంటే గరిష్ఠంగా 1,800 వాట్లు. అది కూడా కొద్దిసేపే. గంటల తరబడి నడిచే లోడ్ ఏదైనా బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదని అక్కడి లెక్క. అంటే 12 ఆంపియర్లు, 1,440 వాట్లు. మీ బడ్జెట్ ఇంతే. గ్యారేజీలో 20 ఆంపియర్ల బ్రేకర్ ఉన్నా సరే, మీరు వాడబోయే చిన్న అడాప్టర్ ప్లగ్గు 15 ఆంపియర్లదే కాబట్టి 12నే హద్దుగా పెట్టుకోండి.

ట్రెయిలర్‌లో ఏది ఎంత తీసుకుంటుందో సుమారుగా చెబుతాను:

- పైకప్పు మీది 13,500 బీటీయూ ఏసీ: 12 నుంచి 15 ఆంపియర్లు. స్టార్టయ్యే క్షణంలో దీనికి ఎన్నో రెట్లు.
- వాటర్ హీటర్‌ను కరెంట్ మీద నడిపితే: 12
- స్పేస్ హీటర్, ఎలక్ట్రిక్ కెటిల్: ఒక్కొక్కటి 12.5
- మైక్రోవేవ్: 10 నుంచి 13
- గ్యాస్, కరెంట్ రెండింటితో నడిచే ఫ్రిజ్: 3
- బ్యాటరీని ఛార్జ్ చేసే కన్వర్టర్: బ్యాటరీ నిండి ఉంటే 1 లేదా 2, ఖాళీగా ఉంటే 8 వరకు
- రైస్ కుక్కర్: 4 నుంచి 6

ఈ జాబితాలో మొదటి నాలుగు వరుసల్లోని వాటిలో ఏ ఒక్కటి పెట్టినా బడ్జెట్ మొత్తం అయిపోతుంది. ఫ్రిజ్ 3, ఖాళీ బ్యాటరీ 8 కలిస్తే 11. ఆ సమయంలో రైస్ కుక్కర్ పెడితే 16కి చేరుతుంది. మీ ఇల్లు పక్కనే ఉంది కదా, అన్నం ఇంట్లోనే వండుకుని తెచ్చుకోండి. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ట్రెయిలర్‌లో తిప్పాలనుకుంటే, దానికి మరో 6 ఆంపియర్లు కలుపుకోండి. చట్నీ కూడా ఇంట్లోనే రుబ్బుకోవడం మేలు.

ఏసీ గురించి నా మాట సూటిగా చెబుతాను. మామూలు ఇంటి సాకెట్ మీద దాన్ని వేయకండి. సాఫ్ట్ స్టార్టర్ పెట్టిస్తే నడుస్తుందని చాలామంది అంటారు. అది స్టార్టింగ్‌లో వచ్చే దెబ్బను తగ్గిస్తుంది కానీ, నడిచేటప్పుడు తీసుకునే 12, 15 ఆంపియర్లను తగ్గించదు. పొడవాటి వైరు వల్ల వోల్టేజ్ పడిపోతే కంప్రెసర్ వేడెక్కి పాడవుతుంది. టెక్సస్ ఆగస్టు ఎండలో ఏసీ లేకుండా ట్రెయిలర్‌లో ఉండలేం, నిజమే. ఆ నెలల్లో పిల్లల్ని ఇంట్లో పడుకోబెట్టండి, లేదా చివర్లో చెప్పిన 30 ఆంపియర్ల లైన్ వేయించుకోండి.

2. ఇంటి సాకెట్‌ను పరీక్షించండి

ముందుగా ఆ సాకెట్ ఏ బ్రేకర్ కిందికి వస్తుందో ప్యానెల్ దగ్గర కనుక్కోండి. సాకెట్‌లో ఒక టేబుల్ ల్యాంప్ పెట్టి, బ్రేకర్లు ఒక్కొక్కటీ ఆపుతూ చూస్తే తెలిసిపోతుంది. ఆ బ్రేకర్ కిందే గ్యారేజీలోని రెండో ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్, గ్యారేజీ తలుపు మోటారు ఉన్నాయేమో చూసుకోండి. మన ఇళ్లలో చాలా వరకు గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఉంటుంది. అది తీసుకునేది మీ 12 నుంచి తీసేయాలి. లేదా మరో సర్క్యూట్ మీదున్న సాకెట్ వెతుక్కోవాలి. రాత్రి బ్రేకర్ ట్రిప్ అయి ఎవరూ గమనించకపోతే, ఫ్రీజర్‌లో దాచుకున్నవన్నీ పొద్దుటికి కరిగిపోతాయి.

తర్వాత ఎర్త్. హార్డ్‌వేర్ షాపుల్లో మూడు లైట్ల సాకెట్ టెస్టర్ పది డాలర్ల లోపే దొరుకుతుంది. సాకెట్‌లో గుచ్చితే ఎర్త్ ఉందా లేదా, ఫేజ్, న్యూట్రల్ తారుమారయ్యాయా అనేది లైట్లు చెబుతాయి. ఎర్త్ లేదని చూపిస్తే ఆ సాకెట్‌ను వదిలేయండి. ట్రెయిలర్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. లోపల ఎక్కడైనా కరెంట్ లీకై బాడీకి తగిలితే, దాన్ని తీసుకుపోవడానికి ఆ ఎర్త్ వైరు ఒక్కటే దారి. అది లేకపోతే, తడి గడ్డి మీద చెప్పులు లేకుండా నిలబడి తలుపు పట్టుకున్న మనిషి గుండా కరెంట్ నేలలోకి దిగుతుంది.

1960లకు ముందు కట్టిన ఇళ్లలో రెండే రంధ్రాలున్న సాకెట్లు ఇంకా కనిపిస్తాయి. వాటికి ఎర్త్ ఉండదు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు రంధ్రాల్లో పెట్టే చిన్న అడాప్టర్ వాడటం, మూడో పిన్నును విరగ్గొట్టడం రెండూ చేయకూడని పనులే.

ఇక సాకెట్ పట్టు. ప్లగ్గు పెట్టి మెల్లగా లాగండి. తేలిగ్గా జారి వస్తే లోపలి రేకులు వదులయ్యాయని అర్థం. దాన్ని మార్పించకుండా ట్రెయిలర్ తగిలించకండి. వదులైన జాయింట్ దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉందనుకోండి. 12 ఆంపియర్లు పారితే ఆ ఒక్క చోట 14 వాట్ల పైన వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ ప్లగ్గులో దాచి రాత్రంతా వదిలేసినట్టే లెక్క. బ్రేకర్ దీన్ని ఆపలేదు. దానికి కనిపించేది 12 ఆంపియర్లే కదా, హద్దు దాటలేదని ఊరుకుంటుంది. బ్రేకర్ ఉంది కాబట్టి ప్రమాదం లేదనే ధీమా ఇక్కడ పనికిరాదు.

3. ఎక్స్‌టెన్షన్ కార్డ్ మీద పొదుపు చేయకండి

వీలైతే ఎక్స్‌టెన్షన్ లేకుండా ట్రెయిలర్ సొంత కేబుల్ అందేంత దగ్గరగా పార్క్ చేయండి. తప్పదంటే పొట్టిది, లావుది కొనండి. అమెరికా వైరు గేజ్‌లో నంబరు తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. 50 అడుగుల కార్డ్‌లో 12 ఆంపియర్లు పారుతుంటే 16 గేజ్‌లో సుమారు 5 వోల్టులు పోతాయి, 12 గేజ్‌లో 2, 10 గేజ్‌లో ఒకటికి కాస్త ఎక్కువ. 16 గేజ్‌లోనే వంద అడుగులు వాడితే దాదాపు 10 వోల్టులు దారిలోనే పోతాయి.

గడ్డి కోసే మెషీన్‌కో, క్రిస్మస్ లైట్లకో వాడే సన్నటి నారింజ రంగు కార్డ్‌లు ఎక్కువగా 16 గేజ్‌వే. వాటిని ఈ పనికి తీయకండి. ఆరుబయట వాడటానికి పనికొచ్చే 12 గేజ్ కార్డ్ కనీసం, 10 గేజ్ అయితే ఇంకా మంచిది. మిగిలిన కార్డ్‌ను చుట్ట చుట్టి ఒక మూల పడేయకూడదు, వేడి పోక చుట్ట మధ్యలో ఇన్సులేషన్ మెత్తబడుతుంది. పొడవుగా పరచండి. గ్యారేజీ తలుపు కింద నలగనివ్వకండి. జాయింట్లను నేల మీద కాకుండా ఒక ఇటుక మీదో డబ్బా మీదో ఎత్తుగా పెట్టి, వాన పడకుండా కప్పండి. ఒకదాని చివర ఇంకోటి తగిలిస్తూ రెండు మూడు కార్డ్‌లు కలపవద్దు. ప్రతి జాయింటూ వేడి పుట్టే మరో చోటే.

4. అడాప్టర్, రక్షణ పరికరం

చాలా ట్రెయిలర్ల ప్లగ్గు మూడు లావాటి పిన్నుల టీటీ-30. 120 వోల్టుల వద్ద 30 ఆంపియర్లు, అంటే 3,600 వాట్లు. పెద్ద ట్రెయిలర్లకు నాలుగు పిన్నుల 14-50 ప్లగ్గు ఉంటుంది. దానికి రెండు ఫేజుల మీద 50 చొప్పున, మొత్తం 12,000 వాట్లు. రెండింటికీ 15 ఆంపియర్ల సాకెట్‌కు కుదిరే అడాప్టర్లు దొరుకుతాయి. రెండు చివరల మధ్య చిన్న కేబుల్ ఉండే డాగ్‌బోన్ రకం తీసుకోండి. గుండ్రటి గట్టి ముక్క రకంలో లావు కేబుల్ బరువంతా గోడ సాకెట్ మీద వేలాడుతుంది.

అడాప్టర్‌కూ ట్రెయిలర్ కేబుల్‌కూ మధ్య ఈఎంఎస్ అనే రక్షణ పరికరం ఒకటి పెట్టమని గట్టిగా చెబుతాను. ఇది మామూలు సర్జ్ ప్రొటెక్టర్ కాదు. ఎర్త్ లేకపోయినా, వైర్లు తారుమారైనా కరెంట్‌ను లోపలికి వదలదు. ప్రోగ్రెసివ్ ఇండస్ట్రీస్ కంపెనీది అయితే వోల్టేజ్ 104 కంటే తగ్గినా, 132 దాటినా తనే ఆపేస్తుంది. రెండు మూడు వందల డాలర్లు అవుతుంది. ఫ్రిజ్, ఏసీ, కన్వర్టర్ కలిపి వేల డాలర్ల సామాను దాని వెనక ఉంది. అద్దె ట్రెయిలర్ అయితే ఈఎంఎస్ ఇస్తారేమో యజమానిని ముందే అడగండి.

5. తగిలించే వరుస

ట్రెయిలర్ లోపలి ప్యానెల్‌లో మెయిన్ బ్రేకర్ ఆపండి. ఏసీ, వాటర్ హీటర్ స్విచ్‌లు కూడా ఆపండి. తర్వాత కేబుల్‌ను ముందు ట్రెయిలర్ వైపు బిగించండి. ఊడిపోయే రకం కేబుల్ అయితే మెలితిప్పి, పైనున్న రింగ్‌ను కూడా బిగించాలి. ఆపైన ఈఎంఎస్, అడాప్టర్, ఎక్స్‌టెన్షన్. ఇంటి సాకెట్ అన్నిటికన్నా చివర. ఈఎంఎస్ తన పరీక్షలు పూర్తిచేసుకోవడానికి నిమిషమో రెండు నిమిషాలో పట్టవచ్చు. అది సరేనన్నాక మెయిన్ వేసి, మిగతా బ్రేకర్లు ఒక్కొక్కటిగా వేయండి. లోడ్ ఉండగా ప్లగ్గు పెట్టడం, పీకడం వల్ల నిప్పురవ్వలు వచ్చి పిన్నులు కాలిపోతాయి. అందుకే ఈ వరుస.

వెంటనే చేయాల్సింది ఇంకొకటి. తాకకుండానే కరెంట్‌ను పసిగట్టే పెన్ లాంటి టెస్టర్‌ను ముందు పనిచేస్తున్న సాకెట్ దగ్గర చూసుకుని, తర్వాత ట్రెయిలర్ తలుపు పిడి దగ్గరా, ముందు భాగంలోని ఇనుప ఫ్రేమ్ దగ్గరా పెట్టండి. కూత వస్తే ట్రెయిలర్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. ఇంటి ప్యానెల్‌లో బ్రేకర్ ఆపి, ఆ తర్వాతే ప్లగ్గు తీయండి. కారణం తేలేదాకా మళ్లీ పెట్టకండి. "కొంచెం జివ్వుమంటోంది అంతే" అని ఊరుకోవద్దు. పొడి చేతికి జివ్వుమన్న కరెంటే తడి కాళ్లతో వచ్చిన పిల్లవాడి ప్రాణం తీయగలదు.

6. లోపల ఏది దేని మీద నడపాలి

కరెంట్ బడ్జెట్‌ను కాపాడేది గ్యాస్. ట్రెయిలర్‌లో ప్రొపేన్ సిలిండర్లు ఉంటాయి కాబట్టి వేడి కావాల్సిన పనులన్నీ దాని మీదికి మార్చండి. వాటర్ హీటర్ గ్యాస్ మీద పెట్టండి. చలికి స్పేస్ హీటర్ బదులు ట్రెయిలర్‌లోని ఫర్నేస్ వాడండి, అది గ్యాస్‌తోనే నడుస్తుంది, ఫ్యాన్‌కు మాత్రం బ్యాటరీ కరెంట్ చాలు. వాటర్ హీటర్ ట్యాంకులో నీళ్లు లేకుండా ఎలక్ట్రిక్ స్విచ్ మాత్రం వేయకండి, నిమిషాల్లో ఎలిమెంట్ కాలిపోతుంది.

ఫ్రిజ్‌ను మాత్రం కరెంట్ మీదే పెట్టండి. గ్యాస్, కరెంట్ రెండింటితో నడిచే పాత తరహా ఫ్రిజ్ చల్లబడటానికి ఒక రాత్రి పడుతుంది. పైగా ట్రెయిలర్ సమతలంగా ఉండాలి. వాలుగా ఉన్న డ్రైవ్‌వేలో చక్రాల కింద చెక్కలు పెట్టి సరిచేయకపోతే ఆ ఫ్రిజ్ సరిగ్గా చల్లబడదు, పాడవుతుంది కూడా. కొత్త ట్రెయిలర్లలో వస్తున్న 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కు ఈ బెడద లేదు. పెరుగు, కూరలు పెట్టేముందు ఖాళీ ఫ్రిజ్‌ను చల్లబరిచి, వాటిని ఇంటి ఫ్రిజ్‌లో చల్లార్చి తెచ్చి పెడితే దాని మీద భారం తగ్గుతుంది.

బ్యాటరీ ఛార్జ్ కావాలంటే డిస్‌కనెక్ట్ స్విచ్ ఆన్‌లో ఉండాలి. ఇది మర్చిపోతే రాత్రంతా ప్లగ్గులో ఉన్నా బ్యాటరీలోకి ఏమీ ఎక్కదు. మూతలు తీసే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. లిథియం అయితే మీ కన్వర్టర్ దానికి పనికొచ్చేదో కాదో మాన్యువల్‌లో చూసుకోండి.

7. మొదటి గంట కాపలా

పావుగంటకు ఒకసారి, గంటకు మరోసారి వెళ్లి గోడ ప్లగ్గు, అడాప్టర్ రెండు చివరలు, కార్డ్ జాయింట్ వెలుపలి ప్లాస్టిక్‌ను చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడి ఉన్నా, కాలిన వాసన వచ్చినా లోపల లోడ్ ఆపి, ఇంటి బ్రేకర్ కూడా ఆపేయండి. ట్రెయిలర్ లోపల ఒక సాకెట్‌లో వోల్టేజ్ చూపించే చిన్న మీటర్ పెట్టుకుంటే ఇంకా తేలిక. 110 కన్నా కిందికి దిగితే ఏదో ఒక లోడ్ తగ్గించాలి.

జీఎఫ్‌సీఐ ఊరికే ట్రిప్ అవుతుంటే

గ్యారేజీ, ఆరుబయటి సాకెట్లు సాధారణంగా జీఎఫ్‌సీఐ అనే, కరెంట్ లీకును పసిగట్టే పరికరం రక్షణలో ఉంటాయి. సుమారు 5 మిల్లీ ఆంపియర్ల కరెంట్ పక్కదారి పట్టినా అది ఆపేస్తుంది. పాత ఇళ్లలో ఆరుబయటి సాకెట్‌కు ఉన్న రీసెట్ బటన్ గ్యారేజీలోనో బాత్రూమ్‌లోనో ఉండవచ్చు. కరెంట్ పోయిందని ఎలక్ట్రీషియన్‌ను పిలిచే ముందు అక్కడ చూడండి.

ట్రెయిలర్ తగిలించగానే ట్రిప్ అయితే, లోపలి బ్రేకర్లన్నీ ఆపి మళ్లీ ఒక్కొక్కటే వేస్తూ వెళ్లండి. ఎక్కువసార్లు దొరికే దొంగ వాటర్ హీటర్ ఎలిమెంట్, దాని తర్వాత ఫ్రిజ్ హీటింగ్ ఎలిమెంట్. పగుళ్లు వచ్చి తేమ పట్టిన ఎలిమెంట్ నుంచి కరెంట్ బాడీకి లీకవుతుంది. అన్ని బ్రేకర్లూ ఆపినా ట్రిప్ అవుతోందంటే ట్రెయిలర్ వైరింగ్‌లో న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోందేమో చూడాలి. బ్రేకర్ ఆపేది ఫేజును మాత్రమే, న్యూట్రల్ కలిసే ఉంటుంది కదా. జీఎఫ్‌సీఐ లేని సాకెట్ వెతికి అందులో పెట్టడం పరిష్కారం కాదు. లీకు అలాగే ఉంటుంది, దాన్ని పట్టిచ్చేది మాత్రం ఉండదు.

గ్యారేజీలో ఈవీ సాకెట్ ఉంటే

కారు ఛార్జింగ్ కోసం 14-50 సాకెట్ వేయించుకున్న తెలుగువాళ్ల ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ట్రెయిలర్లకు వాడే నాలుగు పిన్నుల సాకెట్ కూడా అదే. 30 ఆంపియర్ల ట్రెయిలర్‌కైతే 50 నుంచి 30కి మార్చే డాగ్‌బోన్ పెడితే ఒక ఫేజు మీద 120 వోల్టులు వస్తాయి. ఏసీ కూడా నిశ్చింతగా నడుస్తుంది.

ఒక్క షరతు. కారు ఛార్జింగ్‌కు న్యూట్రల్ అవసరం లేదు కాబట్టి కొందరు ఆ వైరు కలపకుండానే సాకెట్ బిగించేస్తారు. కారుకు ఏ తేడా తెలియదు. 50 ఆంపియర్ల ట్రెయిలర్ తగిలిస్తే మాత్రం 120 వోల్టుల సామాన్ల మీదికి 240 దాకా వోల్టేజ్ వెళ్లి అన్నీ కాలిపోతాయి. మల్టీమీటర్‌తో ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 120, రెండు ఫేజుల మధ్య 240 ఉన్నాయని ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే వాడండి.

ట్రెయిలర్ సొంతానికి కొన్నవాళ్లు 30 ఆంపియర్ల లైన్ వేయించుకోవడమే మంచిది. ముందుగా మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నియమాల్లో, డ్రైవ్‌వేలో ట్రెయిలర్‌ను ఎన్ని రోజులు ఉంచనిస్తుందో చదవండి. రెండు మూడు రోజులకు మించి ఒప్పుకోకపోతే ఆ ఖర్చు దండగ. వేయించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో కాగితం మీద రాయించుకోండి: టీటీ-30 సాకెట్, సింగిల్ పోల్ 30 ఆంపియర్ల బ్రేకర్, 10 గేజ్ రాగి వైరు, 120 వోల్టులు. ఇళ్లలో 30 ఆంపియర్లు అనగానే చాలామందికి గుర్తొచ్చేది బట్టలారబెట్టే డ్రయ్యర్ లైన్. అది 240 వోల్టులది. ఆ అలవాటులో డబుల్ పోల్ బ్రేకర్ వేసి టీటీ-30కి 240 పంపడం అనుభవజ్ఞుల చేతుల్లో కూడా జరిగే పొరపాటు. మొదటిసారి ప్లగ్గు పెట్టేలోగా మీటర్ మీద 120 అంకె మీ కళ్లతో చూడండి.

బయలుదేరే రోజు పొద్దున

లోపల లోడ్‌లన్నీ ఆపి, మెయిన్ ఆపి, ముందు ఇంటి వైపు ప్లగ్గు తీయండి, చివర ట్రెయిలర్ వైపు. పిన్నులు నల్లబడ్డాయేమో, ప్లాస్టిక్ రంగు మారిందేమో చూసి, అలాంటి అడాప్టర్‌ను అక్కడే పారేయండి. ప్రయాణంలో గ్యాస్ వాల్వ్ కట్టేయండి, తలుపు తెరవకపోతే ఫ్రిజ్ కొన్ని గంటలు చల్లగానే ఉంటుంది. కొన్ని సొరంగ మార్గాల్లో గ్యాస్ సిలిండర్లను అసలు అనుమతించరు కాబట్టి దారి కూడా చూసుకోండి.

యోసెమిటీ పార్కు క్యాంప్‌గ్రౌండ్ల లాంటి చోట్లకు వెళ్తుంటే బ్యాటరీ ఇంకా ముఖ్యం. అక్కడ ట్రెయిలర్ తగిలించుకునే కరెంట్ పాయింట్లు ఉండవు. ప్లగ్గు తీసి, లోపల ఏదీ వాడకుండా రెండు మూడు గంటలు ఆగి బ్యాటరీ వోల్టేజ్ చూడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండి ఉంటే 12.6 లేదా ఆపైన చూపించాలి. రాత్రంతా ఛార్జ్ చేసినా 12.3 దగ్గరే ఆగిపోతుంటే, బయలుదేరకముందే బ్యాటరీల షాపుకు తీసుకెళ్లి లోడ్ టెస్ట్ చేయించండి.